గేర్‌బాక్స్ మార్చకుండా బాగు చేయించాను: మూడేళ్ల తర్వాత ఎలా ఉందంటే

మాది పశ్చిమ గోదావరి జిల్లా కాళ్ల మండలం, రొయ్యల చెరువులు. లక్షా పదివేల కిలోమీటర్లు తిరిగాక నా ఆటోమేటిక్ పికప్ ట్రక్కు ఉండి దగ్గర కాలువ వంతెన ఎక్కలేక మొరాయించింది. వెనక నలభై బస్తాల మేత, అంటే టన్ను. ఆర్‌పీఎం ముల్లు మూడు వేలు దాటింది గానీ బండి నత్తలా పాకింది. "గేరు రాడ్డున్న బండి కొనమని మొత్తుకున్నానా లేదా" అన్నారు బావగారు.

షోరూంలో మొత్తం గేర్‌బాక్సే మార్చాలన్నారు. 5,60,000 రూపాయలు, సరుకు రావడానికి నెలన్నర. విజయవాడ ఆటోనగర్‌లో పాతది 1,40,000కి దొరికింది. కానీ అది ఎంత తిరిగిందో, ఏ వరదలో మునిగిన బండిదో చెప్పేవాడు లేడు. ఆటోమేటిక్‌లో నీళ్లు చేరితే క్లచ్ ప్లేట్ల మీది లైనింగ్ అంటు విడిచి ఊడొస్తుంది. ఆ బేరం వదిలేశాను.

అక్కడే ఆటోమేటిక్‌లు మాత్రమే చూసే మేస్త్రి ఒకాయన ఉన్నారు. రేటు అడిగితే, "ముందు గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే పాన్ విప్పనివ్వండి" అన్నారు. ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ కషాయంలా కారింది, మాడు వాసన. పాన్ అడుగున ఉండే అయస్కాంతం తీసి బొటనవేలితో రాసి చూపించారు. బూడిద రంగు ముద్ద, కాటుకంత మెత్తగా ఉంది. "ఇది మామూలేనండీ. ఇనప పలుకులు తగిలితే గేర్లు పోయినట్టు. అప్పుడు నేనే వేరేది వేసుకోమంటాను" అన్నారు. పలుకులు లేవు కాబట్టి బాగు చేయించాలని నా నిర్ణయం అక్కడే అయిపోయింది.

ఆ మాడు వాసన క్లచ్ ప్లేట్లది, అవి మాడింది నా వల్లే. వాన తడిసిన చెరువు గట్ల మీద బరువుతో అంగుళం అంగుళం నడిపితే ఇంజిన్ బలమంతా దానికీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉండే టార్క్ కన్వర్టర్‌లో ఆయిల్‌ని చిలకడానికే పోతుంది, ఆయిల్ కాగిపోతుంది. పైగా ఈ ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదని కొన్నప్పుడు చెప్పారు. నేనూ నమ్మాను.

క్లచ్ ప్లేట్లు, సీళ్లు అన్నీ కొత్తవి. గేర్లు మారడానికి ఆయిల్‌ని దారి మళ్లించే వాల్వ్ బాడీ కడిగారు. టార్క్ కన్వర్టర్‌ని కోసి, లోపల బాగు చేసి మళ్లీ వెల్డింగ్ చేశారు. ఆయిల్ కూలర్ కొత్తది వేయాలంటే మాత్రం నేను గునిశాను. పాత కూలర్‌లో ఇరుక్కున్న మడ్డి కొత్త ప్లేట్లలోకే వస్తుందని ఆయన పట్టుబట్టారు. ముందు చెప్పింది 1,90,000, చివరికి అయింది 2,15,000. పంతొమ్మిది రోజులు అద్దె ట్రాలీ ఆటోలో మేత తోలుకున్నాను. ఆ ఖర్చు వేరే.

ఆ తర్వాత ఇప్పటికి 64,000 కిలోమీటర్లు తిరిగింది. మొదటి వారం గేరు మారినప్పుడల్లా కుదుపు ఉండేది, కంప్యూటర్ సర్దుకున్నాక తగ్గింది. ఎనిమిదో నెలలో పాన్ దగ్గర ఆయిల్ కారింది. గ్యాస్కెట్‌కి డబ్బులు తీసుకోలేదు గానీ విజయవాడ రానుపోను నా రోజు పోయింది. సంక్రాంతి చలికి పొద్దున్నే రెండో గేరులో చిన్న దెబ్బ ఇప్పటికీ తగులుతుంది. దానికి మందు దొరకలేదు.

ఇప్పుడు నలభై వేలకోసారి ఆయిల్ మారుస్తున్నాను. గట్టు తడిగా ఉంటే బస్తాలు రోడ్డు మీదే దింపి ట్రాక్టర్‌కి ఎక్కిస్తున్నాను. మా పక్క చెరువు ఆయన బండికి పాన్ విప్పితే పలుకులు గలగలమని రాలాయి. ఆయన షోరూంలో కొత్త గేర్‌బాక్సే వేయించారు. ఆయన చేసింది రైటే, అందులో బాగు చేయడానికి ఏం మిగల్లేదు.