రాగి సంగటి: కుక్కర్‌లో మేలా, గిన్నెలో మేలా?

బెంగళూరులో గది తీసుకున్న కుర్రవాళ్లు, కొత్తగా వేరుకాపురం పెట్టినవాళ్లు, షుగరు ఉందని తెలియగానే రాత్రి అన్నం మానేయాలని తీర్మానించుకున్న పెద్దమనుషులు, కడపలో ఎవరు కలిసినా నన్ను అడిగేది ఒకటే: సంగటి కుక్కర్‌లో చేసుకోవచ్చా? చేసుకోవచ్చు. మా ఇంట్లో వారం మధ్యలో చేసేది కుక్కర్ సంగటే. అయితే ఆ పేరుతో రెండు వేర్వేరు వంటలు చలామణి అవుతున్నాయి. ముందు వాటిని విడదీయాలి.

ఒక పద్ధతిలో బియ్యం మాత్రమే కుక్కర్‌లో ఉడుకుతుంది. మూత తీశాక పొడి పిండి వేసి, సన్నని మంట మీద మగ్గబెట్టి కెలుకుతారు. ఇంకో పద్ధతిలో రాగిపిండిని చన్నీళ్లలో జారుగా కలిపి, బియ్యంతో పాటే కుక్కర్‌లో పోసి, మూత బిగించి విజిల్స్ తెప్పిస్తారు. వీటికి పోటీ మన పెద్దవాళ్ల గిన్నె సంగటి: ఎసరు తెర్లాక బియ్యమో నూకలో వేయడం, అవి మెత్తబడ్డాక పైన పిండి కుప్పగా పోయడం.

బియ్యం ఉడకడం వరకు చూస్తే కుక్కర్‌కే నా ఓటు. సంగటిలో మెతుకు కనపడకూడదు. పలుకు తగిలితే పిల్లలు ముద్దను వేళ్లతో విప్పి వెతకడం మొదలుపెడతారు. గ్లాసు బియ్యం అరగంట నానబెట్టి, నాలుగున్నర గ్లాసుల నీళ్లు పోసి, ఐదు విజిల్స్ రానిస్తే గరిటె వెనకతో నొక్కగానే వెన్నలా నలుగుతుంది. అదే గిన్నెలో అయితే ఆరు గ్లాసుల నీళ్లు పడతాయి, ముప్పావుగంట పొయ్యి దగ్గర కాపలా ఉండాలి. నూకలైతే పావుగంటలో అయిపోతుంది కాబట్టి గిన్నెలో చేసేవాళ్లు నూకలకే వెళ్లడం మంచిది. కర్నూలు సోనా పాత బియ్యానికి పొడిపొడిగా రావడమే గొప్ప. సంగటికి ఆ గొప్పే అడ్డం. కొత్త బియ్యం, నూకలు, రేషన్ బియ్యం ఇక్కడ బాగా పనికొస్తాయి.

ఇక పిండి. నా లెక్కలో సంగటి బాగోగులు తేలేది ఇక్కడే, పాత్రలో కాదు. పొడి పిండిని ఉడుకుతున్న అన్నం మధ్యలో గుట్టగా పోసి, కలపకుండా వదిలేయాలి. కలిపారా, ఉండలు కట్టక తప్పదు. వేడినీళ్లు తగిలిన పైపొర వెంటనే ఉడికి బంక కట్టుకుంటుంది, లోపలి పిండికి తడి చేరదు. సంగటి కట్టె కొనతో గుట్ట నడుమ అడుగు దాకా ఒక కన్నం చేసి, మూత పెట్టి, మంట బాగా తగ్గించాలి. కాసేపటికి ఆ కన్నంలోంచి గంజి గుబగుబమని పైకి పొంగి, పిండి అంచుల మీదికి పారుతుంది. పొడిగా, బూడిద రంగులో ఉన్న గుట్ట అంచుల నుంచి నల్లబడుతూ వస్తుంది, పైన సన్నని పగుళ్లు పడతాయి. పచ్చి పిండి వాసన పోయి కమ్మటి వాసన వస్తుంది. దీనికి పది నిమిషాలకు తక్కువ పట్టదు. ఆ పది నిమిషాలూ ఇస్తే కుక్కర్ అడుగైనా గిన్నె అయినా సంగటి కుదురుతుంది. ఇవ్వకపోతే కుండలో కట్టెల పొయ్యి మీద వండినా నాలుకకు పచ్చిపిండి తగులుతుంది.

చన్నీళ్ల పద్ధతి ఈ మగ్గడాన్నే ఎగరగొట్టేస్తుంది. అందులో పిండి రేణువు రేణువుకూ కావలసినన్ని నీళ్లు అందుతాయి కనుక ఉండ కట్టదు, నిజమే. అయితే ఆ నీళ్లు తాగిన పిండి జావలా సాగుతుంది. ముద్ద చేస్తే పళ్లెంలో నిలవదు, పులుసులో అద్దితే వేళ్లకే అంటుకుంటుంది. గట్టిపడాలని నీళ్లు తగ్గిస్తే అడుగు మాడుతుంది. అంతకన్నా పెద్ద చిక్కు, చిక్కటి పిండి పొంగి విజిల్ రంధ్రాన్ని మూసేయవచ్చు. పొంగే పదార్థాలు వండేటప్పుడు కుక్కర్ సగానికి మించి నింపకూడదన్నది ఇక్కడ తప్పక పాటించాల్సిన మాట. కెలికే ఓపిక లేనివాళ్లకు, భుజం నొప్పి ఉన్నవాళ్లకు ఈ పద్ధతి వద్దనను. పప్పుతో కలుపుకుని తినే ఇంట్లో ఎలాగో సరిపోతుంది. నాటుకోడి పులుసు చేసిన రోజు మాత్రం ఆ జావ వడ్డించకండి.

కెలకడంలో గిన్నెకు ఒక లోపం ఉంది. గ్యాస్ పొయ్యి మీద కట్టె తిప్పితే గిన్నె కూడా తిరుగుతుంది. పాతకాలం వంటింట్లో గిన్నెను కింద దించి, కాళ్లతో అదిమి పట్టి కెలికేవారు. పొయ్యి గట్టు మీద అది కుదరదు. కుక్కర్‌కు పొడుగు పిడి ఉంది, ఒక చేత్తో పట్టుకుంటే కదలదు. అయితే మూత లోపలికి దిగే రకం కుక్కర్ల అంచు లోపలికి వంగి ఉంటుంది, కట్టె అక్కడ తగులుతూ ఉంటుంది. మూత పైన బిగించే రకం, వెడల్పు నోరున్నది ఉంటే అదే వాడండి. గిన్నెనే వాడాలనుకుంటే దళసరి అడుగున్నది తీసుకుని, దించి, తడిగుడ్డ మీద పెట్టి కెలకండి. ఏదైనా సరే, పిండి వేసే ముందు ఒక గ్లాసు గంజి తీసి పక్కన పెట్టుకోవడం మరవకండి. గట్టిపడితే చన్నీళ్లు కాదు, ఆ వేడి గంజే పోయాలి.

ఆ గంజి వల్ల ఇంకో సౌకర్యం ఉంది. మా ఇంట్లో ఒకే సంగటి రెండు రకాలుగా దిగుతుంది. ముందు గట్టిగా కెలికి, చేయి తడుపుకుని పెద్దవాళ్ల ముద్దలు చేసేస్తాను. మిగిలినదాంట్లో గంజి పోసి మళ్లీ కెలికితే పళ్లు లేని అత్తమ్మకు, పిల్లలకు మెత్తటి సంగటి. పిల్లలకు మధ్యలో గుంట చేసి నెయ్యి, బెల్లం. అత్తమ్మకు గోంగూర పప్పు.

పాళ్ల గురించి ఒక మాట. షుగరు కోసమని సంగటి చేస్తూ గ్లాసు బియ్యానికి అరగ్లాసు పిండి వేసేవాళ్లను చూస్తున్నాను. అది రంగు మారిన అన్నమే. ఎముకల బలం కోసమన్నా లెక్క అంతే: 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది, బియ్యంలో పది మిల్లీగ్రాముల లోపో, ఆ దరిదాపుల్లోనో. గ్లాసుకు గ్లాసు నా కనీసపు కొలత, అలవాటయ్యాక గ్లాసున్నర పిండి. పిండి ఎక్కువయ్యేకొద్దీ మగ్గే సమయమూ పెంచాలి. రాగులు కూడా పిండిపదార్థమే కనుక షుగరు ఉన్నవాళ్లు రెండో ముద్దకు చేయి చాపకపోవడం మేలు. పిండి మరలో కాస్త బరకగా పట్టించుకోండి, ప్యాకెట్లలో దొరికే మెత్తటి పిండికి ఉండలు కట్టే గుణం ఎక్కువ.

మిగతావి క్లుప్తంగా. కరెంటు కుక్కర్‌లో అన్నం మెత్తబడుతుంది కానీ పిండి కెలికితే లోపలి పూత పోతుంది, వద్దు. మట్టికుండ రుచి బాగుంటుంది, కెలికేటప్పుడు పగిలితే మీ ఇష్టం. పొద్దుటి అన్నం మిగిలితే రెండింతల నీళ్లు పోసి ఉడికించి, నలిపి, పిండి వేసుకోవచ్చు, హడావుడి రోజుల్లో ఇది చాలు. బియ్యం బదులు కొర్రలు వేయాలంటే రెండు మూడు గంటలు నానబెట్టాలి, రుచి తేడా పిల్లలు పట్టేస్తారు. బియ్యమే లేకుండా పిండితో చేసే ముద్ద కర్ణాటక అలవాటు, హిందూపురం, మడకశిర వైపు కూడా చేసే ఇళ్లున్నాయి. అది వేడి మీదే తినేయాలి, చల్లారితే బిగుసుకుంటుంది.

మొత్తానికి నేను చేసేది: అన్నం కుక్కర్‌లో, ఆవిరి పోయి మూత తీశాక అదే కుక్కర్‌లో పొడి పిండి, పైన మామూలు పళ్లెం మూత. ఆదివారం నాటుకోడి ఉంటే నూకలతో దళసరి గిన్నెలో, పక్కన శనక్కాయల ఊరుబిండి పచ్చడి. ముద్దలు మిగిలితే రాత్రి నీళ్లలో వేసి ఉంచుతాను. పొద్దున మజ్జిగ, ఉప్పు వేసి పిసికి, పచ్చి ఉల్లిపాయ నంజుకుంటే ఎందులో వండారో ఎవరూ కనిపెట్టలేరు.