ముంబైలో గన్స్ ఎన్ రోజెస్: ఒక విశాఖ అభిమాని సమీక్ష

విశాఖపట్నంలో ఇంగ్లిషు క్యాసెట్లు చేతులు మారిన కాలం నుంచి అమెరికన్ రాక్ బృందం గన్స్ ఎన్ రోజెస్‌ను వింటున్న నాకు, 2025 మే 17న ముంబై మహాలక్ష్మి రేస్ కోర్సులో వారిని చూడడం ఎంతో విలువైన అనుభవం. ఈ బృందం 2012 డిసెంబరులోనూ మన దేశంలో పాడింది కాని, 1996లో వైదొలగిన గిటారిస్టు స్లాష్, ఆ మరుసటి ఏడాది వెళ్లిపోయిన బేస్ వాద్యకారుడు డఫ్ మెక్‌కేగన్ అప్పుడు లేరు. 2016లో వారిద్దరూ గాయకుడు యాక్సిల్ రోజ్‌తో తిరిగి కలిశాకే నా ఎదురుచూపుకు అర్థం ఏర్పడింది.

స్లాష్ గిటారు వాయించే తీరు గురించే ఎక్కువ చెప్పాలి. రికార్డులో ఉన్నదాన్ని అప్పజెప్పకుండా, తీగను వంచి ఒక్కో స్వరాన్ని సాగదీస్తూ, తిరిగి అసలు బాణీలోకి సునాయాసంగా చేరుకునే ఆ పద్ధతిలో మన వీణ గమకాన్ని ఎరిగిన చెవికి ఎంతో ఆత్మీయత కనిపిస్తుంది. అరవై దాటిన రోజ్ స్వరంలో 1987 నాటి తొలి ఆల్బమ్‌లోని పదును అంతటా లేదు. మంద్రస్థాయిలో మాత్రం అది నిండుగా పలికింది. తొలినాటి గిటారిస్టు ఇజ్జీ స్ట్రాడ్లిన్ లేని లోటు నాకు తెలిసింది.

మే నెల ఉక్కపోత మన తీరవాసులకు కొత్త కాదు. ప్రయాణం, బస కలిపితే ఖర్చు టిక్కెట్టు ధరను మించిపోతుంది. అయినా వారు మళ్లీ వస్తే, స్లాష్ గిటారు కోసం విశాఖ మిత్రులను వెళ్లమనే చెబుతాను.