మల్లెలతీర్థం: ఫొటో కావాలంటే నిద్ర ఎక్కడ?

నల్లమల అడవిలోని మల్లెలతీర్థం జలపాతానికి వెళ్లడం ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ హైదరాబాద్‌లో తెల్లవారుజామునే లేచి, సుమారు 185 కిలోమీటర్లు నడిపి, పదకొండింటికి దిగాను. అప్పటికి ఎండ నీళ్ల మీద పడి, ఫొటోలో జలపాతం ఉన్నచోట తెల్ల మచ్చ మాత్రమే మిగిలింది. అందుకే ఈసారి అక్టోబరు చివర్లో, మా బావమరిదిని వెంటేసుకుని ముందే వెళ్లి మకాం వేశాను.

మకాం దగ్గరే ఒక తప్పు చేశాం. మొదటిరాత్రి అచ్చంపేటలో ఒక లాడ్జి తీసుకున్నాం. ఫోన్‌లో "వేడినీళ్లు ఎప్పుడైనా వస్తాయ్ సార్" అన్నారు. పొద్దున అడిగితే ఒక్క బకెట్ తెచ్చి ఇద్దరికీ సర్దుకోమన్నారు. శ్రీశైలంలో అయితే గదులకు కొదవలేదు కానీ, అక్కడి నుంచి తీర్థానికి దాదాపు 58 కిలోమీటర్లు. పైగా నల్లమల రోడ్డును రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు. ఎంత తొందరపడ్డా ఏడున్నర దాటుతుంది.

రెండోరాత్రి మన్ననూరుకు మారాం. అటవీశాఖ కాటేజీ, ముందే బుక్ చేసుకున్నది. హంగులేమీ లేవు, దుప్పట్లు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. చెక్‌పోస్టు పక్కనే. ఆరింటికి గేటు ఎత్తగానే మాదే మొదటి బండి. వటవర్లపల్లి దగ్గర మలుపు తిరిగి, అడవిలోకి 8 కిలోమీటర్లు పోవాలి. ఇది అమ్రాబాద్ పులుల అభయారణ్యం, కాబట్టి హారన్ కొట్టకుండా నెమ్మదిగా పోవాలి. డ్రోన్ సంగతి మర్చిపోండి.

దిగేచోట కావలి మనిషి ట్రైపాడ్ వైపు చూసి, "ఇంత పొద్దుగాల వచ్చిన్రేంది సార్, నీళ్లు యాడికీ పోవు" అన్నాడు. "నీళ్లు పోవులే అన్నా, నీడ పోతది" అన్నాను. నవ్వి, మెట్ల మీద నాచు పట్టిందని, జాగ్రత్తగా దిగమని చెప్పాడు.

సుమారు 350 మెట్లు. కింద ఎవరూ లేరు. చెట్ల నీడ ఇంకా లోయ నిండా ఉంది. కెమెరాలో ఐఎస్ఓ (వెలుతురు గ్రహించే సున్నితత్వం) 100, అపర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్11, షట్టర్ తెరిచి ఉంచింది ఒక సెకను. వెలుతురు తగ్గించే నల్లద్దం, ఎన్‌డీ ఫిల్టర్, అవసరమే పడలేదు. లెన్స్‌కు తగిలించిన పోలరైజర్ ఫిల్టర్‌ను తిప్పుతుంటే తడి బండల మీది మెరుపు పోయి, అడుగున ఉన్న గోధుమరంగు, నాచు పచ్చదనం పైకి తేలాయి. చాలామంది ఈ ఫిల్టర్ ఆకాశం కోసమే అనుకుంటారు. నన్నడిగితే జలపాతం దగ్గరే దీని పని ఎక్కువ.

అసలు ఫొటో జలధారది కాదు. కింద మడుగులో పండుటాకులు నాలుగైదు నురగతో కలిసి నెమ్మదిగా సుడి తిరుగుతున్నాయి. షట్టర్ నాలుగు సెకన్లకు పెంచితే అవి ముగ్గు గీసినట్టు వంపులు తిరిగాయి. ఒకటే తిప్పలు, తుంపర. రెండు ఫొటోలకోసారి లెన్స్ మీద చుక్కలు. మైక్రోఫైబర్ గుడ్డ పది నిమిషాల్లో నానిపోయింది. చివరికి బావమరిది మెడలోని కాటన్ తువ్వాలే ఆదుకుంది. వాడు "బావా, ఇది నా ముఖం తుడుచుకునేది" అంటూనే ఇచ్చాడు.

తొమ్మిదిన్నరకు బండల అంచున ఎండ పడింది. స్నానాలకు కుటుంబాలు దిగడం మొదలైంది. ట్రైపాడ్ మడిచేశాం. ఎక్కేటప్పుడు ఆ మెట్లు 350 కావు, వెయ్యి.

మధ్యాహ్నం ఫర్హాబాద్ వ్యూ పాయింట్ చూశాం. అడవి అంతా కళ్లముందు పరుచుకుంటుంది. చూడ్డానికి బాగుంది కానీ, ఆ ఎండలో కెమెరా బయటికి తియ్యబుద్ధి కాలేదు. ఒకటే పూట ఉంటే నేను దాన్ని వదిలేసి, తీర్థంలోనే ఇంకో గంట కూర్చుంటాను. అచ్చంపేట నుంచి వచ్చేదారిలో ఉమామహేశ్వరం గుడి మాత్రం ఆగదగ్గది, కొండ కింద చల్లగా ఉంటుంది.

మడుగు ఫొటో ప్రింట్ వేయించాను. కుడి మూలలో ఒక తుంపర చుక్క మిగిలిపోయింది. తువ్వాలు ఇంకోసారి తడపనివ్వలేదు మరి.