ఎర్ర బంతి కావాలంటే అడగాల్సిందే

హనుమకొండ చౌరస్తా వైపున్న ఈ స్పోర్ట్స్ షాపులో ముందు అరలన్నీ టెన్నిస్ బంతులు, తెల్ల బంతులే, టీ20 పుణ్యం. టెస్టు క్రికెట్లో వాడే ఎర్ర బంతి అడిగితేనే లోపల్నుంచి తీస్తారు. సరుకు మాత్రం మంచిదే: నాలుగు ముక్కల తోలు, చేతి కుట్టు, సీమ్ (కుట్టు గీత) వేలికి గట్టిగా తగులుతుంది. కొనేముందు కాటా మీద పెట్టించండి, 156 నుంచి 163 గ్రాముల మధ్య ఉండాలి. మ్యాట్ లేని సిమెంటు పిచ్ మీద వాడితే ఏ బంతికైనా తోలు లేస్తుంది, స్వింగ్ (గాల్లో వంపు తిరగడం) పోతుంది. టెస్టుల్లో కొత్త బంతి 80 ఓవర్ల తర్వాతే, అందాకా పాతదాన్నే కాపాడుకోవాలి. 20 ఓవర్లే ఆడే పిల్లలకు స్వింగ్ కోసం బంతికి ఒకవైపు నునుపు కాపాడటం ఎవరు నేర్పుతారు? తడిస్తే నీడలోనే ఆరబెట్టాలి. బిల్లు అడిగితే మాత్రం మొహం చిట్లిస్తారు.