24 గంటల బీపీ పరీక్ష: డాక్టరు గదిలో దొరకని రక్తపోటు

డాక్టరు గారి గదిలో ఎప్పుడు చూసినా నా బీపీ 130/80 లోపే ఉండేది. రెండేళ్లలో నాలుగుసార్లు చూపించుకుంటే నాలుగుసార్లూ బాగుందన్నారు. అయితే వేరే కారణంతో చేయించుకున్న ఎకో పరీక్షలో గుండె ఎడమ జఠరిక గోడ కొంచెం మందమైనట్టు తేలింది. ఎక్కువ పీడనానికి ఎదురుగా ఏళ్ల తరబడి రక్తాన్ని నెట్టవలసి వచ్చిన గుండెలో తరచుగా కనబడే మార్పు అది. బీపీ లేదనుకున్న మనిషిలో బీపీ మిగిల్చే గుర్తు ఎందుకుందో తేల్చడానికి డాక్టరు గారు నన్ను 24 గంటల యాంబులేటరీ బీపీ పరీక్షకు, అంటే ఒంటికి కట్టిన యంత్రం రోజంతా బీపీ కొలిచే పరీక్షకు పంపారు. ఈ సమీక్ష ఆ పరీక్ష గురించి, దాన్ని చేసిన కేంద్రం పనితీరు గురించి.

ఆసుపత్రిలో మాత్రమే పెరిగి ఇంట్లో మామూలుగా ఉండే బీపీ గురించి చాలామంది విని ఉంటారు. దానికి సరిగ్గా తలకిందులుగా, డాక్టరు ఎదుట మామూలుగా ఉండి మిగిలిన వేళల్లో పెరిగే రక్తపోటుకు థామస్ పికరింగ్ అనే వైద్యుడు 2002లో మాస్క్‌డ్ హైపర్‌టెన్షన్ అని పేరు పెట్టారు. డాక్టరు గదిలో కొలిచినది 140/90 కంటే తక్కువగా ఉన్నా, 24 గంటల సగటు 130/80 గానీ అంతకు మించి గానీ ఉంటే దాన్ని ఈ కోవలోకి చేరుస్తారు. పొగతాగేవారిలో, పని ఒత్తిడి ఎక్కువగా ఉన్నవారిలో, మధుమేహం, కిడ్నీ జబ్బు, నిద్రలో శ్వాస ఆగిపోయే సమస్య ఉన్నవారిలో ఇది ఎక్కువ. పైకి ఏ బాధా తెలియదు కనుక వెతికితే తప్ప దొరకదు.

కేంద్రంలో నాకు అన్నిటికంటే నచ్చింది టెక్నీషియన్ పని. ఆమె ముందుగా నా దండచేయి చుట్టుకొలత టేపుతో కొలిచి, ఆ తర్వాతే తగిన పట్టీ ఎంచుకున్నారు. పట్టీ చిన్నదైతే బీపీ ఉన్నదానికంటే ఎక్కువగా చూపిస్తుంది కాబట్టి, ఈ ఒక్క అడుగు తప్పితే మిగతా 24 గంటల లెక్కంతా తప్పుతుంది. పట్టీ బిగుసుకునేటప్పుడు నడుస్తుంటే ఆగిపోవాలని, చేయి కదపకూడదని చెప్పి, నిద్రపోయిన వేళ, లేచిన వేళ, మందులు వేసుకున్న వేళ రాసుకోవడానికి ఒక కాగితం ఇచ్చారు. నడుముకు కట్టిన యంత్రం పగలు 20 నిమిషాలకోసారి, రాత్రి అరగంటకోసారి కొలిచింది.

పగలు పెద్ద ఇబ్బంది లేదు. రాత్రి మాత్రం కష్టంగానే గడిచింది. పట్టీ ఉబ్బే చప్పుడుకు మూడుసార్లు మెలకువ వచ్చింది, చేయి కదిలినందుకు యంత్రం రెండుసార్లు మళ్లీ కొలిచింది. నిద్ర చెడితే ఆ కారణంగానే అంకెలు కొంత పెరగవచ్చునని నేను అడిగిన తర్వాతే చెప్పారు. ఇది పరీక్షకు ముందే చెప్పవలసిన మాట.

ఫలితం నా అనుమానాన్ని తీర్చింది. పగటి సగటు 141/89, రాత్రి సగటు 128/79, మొత్తం సగటు 137/86. నిద్రలో బీపీ పగటికంటే 10 నుంచి 20 శాతం తగ్గడం సహజం. నా పై అంకె 9 శాతమే తగ్గింది. గుండెపోటు, పక్షవాతం ముప్పును అంచనా వేయడంలో రాత్రి బీపీకి చాలా విలువ ఉంది. అటువంటిది, రిపోర్టు మొదటి పేజీలో మొత్తం సగటు ఒక్కటే పెద్ద అక్షరాల్లో వేసి, రాత్రి పట్టికను ఒక్క వాక్యం వివరణ కూడా లేకుండా మూడో పేజీలో పెట్టారు. నేను శ్రద్ధగా రాసిన కాగితాన్ని రీడింగులతో సరిపోల్చిన జాడ కూడా లేదు. ఆ పని ఇంటికి వచ్చి నేనే చేసుకున్నాను. పని ఒత్తిడిగా సాగిన మధ్యాహ్నపు గంటల్లోనే పై అంకె 150 దాటిందని అప్పుడే తెలిసింది. దాచిన జబ్బును వెతికి పట్టుకునే పరీక్ష చేసి, దొరికినదాన్ని మళ్లీ మూడో పేజీలో దాచడం నాకు చాలా బాధ కలిగించింది.

ఇంట్లో బీపీ యంత్రం ఉంటే ఈ పరీక్ష ఎందుకని అడిగేవారు ఉంటారు. ప్రామాణిక పరీక్షల్లో నెగ్గిన, దండచేయికి కట్టే యంత్రంతో వారం రోజులు ఉదయం, సాయంత్రం రెండేసిసార్లు కొలుచుకుంటే ఇటువంటి బీపీ చాలామందిలో బయటపడుతుంది. సగటు 135/85 గానీ అంతకు మించి గానీ ఉంటే డాక్టరుకు చూపించాలి. కానీ మామూలు ఇంటి యంత్రం నిద్రలో కొలవదు, నా విషయంలో అసలు సంగతి అక్కడే ఉంది. ఆ రాత్రి అంకెలు చూశాకే డాక్టరు గారు మందు మొదలుపెట్టి, నిద్రలో శ్వాస పరీక్ష కూడా రాశారు.

మందు ఎంత పనిచేస్తోందో చూడటానికి మూడు నెలల తర్వాత ఇదే పరీక్ష మళ్లీ చేయించుకోవాలి. ఆ టెక్నీషియన్ కోసం అదే కేంద్రానికి వెళ్తాను. రాత్రి పట్టికను ఎవరైనా కూర్చుని వివరించేదాకా మాత్రం రిపోర్టు తీసుకుని బయటికి రాను.