12 రోజులు, మూడు బసలు, ఒక బుధవారం కాల్

ఆరేళ్లుగా ఇంట్లోనే కూర్చుని పుస్తకాల లేఅవుట్, కవర్ డిజైన్ చేస్తున్నాను. పనికి లోటు లేదు, డబ్బు కూడా దాదాపు టైముకే వస్తుంది. లేనిదల్లా ఆ పని గురించి మాట్లాడుకోవడానికి ఒక మనిషి. కొటేషన్ ఎంత వేయాలి, ఐదోసారి మార్పులు అడిగే క్లయింటుకు ఏం చెప్పాలి అని ఇంట్లోవాళ్లను అడిగితే ప్రేమగా వింటారు, కానీ వాళ్లకు ఆ పని తెలియదు. పాత స్నేహితులను అడిగితే "ఇంట్లోంచే కదా, నీకేం టెన్షన్" అంటారు. అందుకే ఈసారి చూడదగ్గ ప్రదేశాల జోలికి పోకుండా, నాలాంటి వాళ్లను కలవడం కోసమే ఒక పెద్ద నగరానికి వెళ్లి 12 రోజులు ఉండి వచ్చాను. ఎక్కడ దిగాను, ఎక్కడ కూర్చున్నాను, ఏది ఎంతవరకు పనికొచ్చింది అన్నది రాస్తున్నాను. ఒంటరిగా పనిచేసేవాళ్లు బయల్దేరే ముందు ఇది చదివితే, నాలాగా మొదటి నాలుగు రోజులు పోగొట్టుకోకుండా ఉంటారు.

ఆ నాలుగు రోజులూ హోటల్లో ఉన్నాను. ఫ్రీలాన్సర్ల సదస్సు జరిగే హాలు పక్క వీధిలోనే ఉందని అక్కడ బుక్ చేశాను. గది శుభ్రం, వైఫై బాగుంది, టేబుల్ ఎత్తు కూడా సరిగ్గా కుదిరింది. వంక పెట్టడానికేం లేదు. కానీ తలుపు వేసుకుంటే మళ్లీ ఇంట్లో ఉన్నట్టే ఉంది. లిఫ్టులో పలకరించిన మనిషి మర్నాటికి ఖాళీ చేసి వెళ్లిపోయాడు. పడుకోవడానికి హోటల్ చాలు, మనుషుల కోసం వెళ్లేవాళ్లకు మాత్రం అది తగిన బస కాదు.

సదస్సు రెండు రోజులు. మొదటి రోజు సాయంత్రం నెట్‌వర్కింగ్ కోసమని గంటన్నర వదిలారు. అందరూ నిలబడి, తామేం చేస్తారో నిమిషంలో చెప్పి, కార్డు ఇచ్చి, పక్కవాళ్ల దగ్గరికి కదిలారు. రాత్రి గదికొచ్చి కార్డులన్నీ మంచం మీద పరిచాను. 31 ఉన్నాయి. ఐదుగురి ముఖాలే గుర్తొచ్చాయి. వాళ్లలో నలుగురు మధ్యాహ్నం వర్క్‌షాపులో నాతో ఒకే టేబుల్ దగ్గర కూర్చుని, ఒక నమూనా కాంట్రాక్టును వరుసగా చదివి దిద్దినవాళ్లు! చేతిలో పని ఉన్న గంటన్నర గుర్తుంది, చేతిలో కార్డులున్న గంటన్నర గుర్తు లేదు.

అలాగని ఆ పరిచయాలను తీసిపారేయను. సోషియాలజిస్టు మార్క్ గ్రానొవెటర్ 1973లో ప్రచురించిన పరిశోధనలో, తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లను చూస్తే, ఆ తెలిసినవాళ్లను తరచూ కలుస్తున్నది 100కి దాదాపు 17 మందే. మిగతావాళ్లకు దారి చూపింది ఎప్పుడో ఒకసారి కనిపించే మనుషులే. పని వెతుక్కునేవాళ్లు సదస్సుకు తప్పకుండా వెళ్లాలి. నాకు కావాల్సింది వేరు.

ఐదో రోజు కోలివింగ్ ఇంటికి మారాను. అందరికీ కలిపి ఒకే వంటగది, ఒక పొడుగాటి బల్ల, ఎవరి గది వాళ్లకు. ప్రకటనలో "ప్రశాంతమైన పని గది" అని ఉంది. తీరా చూస్తే అది రెండు గదుల మధ్య నడవాలో వేసిన బల్ల. క్లయింటుతో కాల్‌లో ఉండగా వెనక నుంచి మనుషులు నడిచిపోతుంటే మాట తడబడింది. నిర్వాహకుడికి చెబితే వాదించకుండా ఒక రాత్రి డబ్బు వెనక్కిచ్చారు, అది మెచ్చుకోవాలి. మనుషులు మంచివాళ్లే, రాత్రి కబుర్లకు లోటు లేదు. అయితే అక్కడ ఎక్కువమంది కంపెనీ ఉద్యోగులు. ఇన్‌వాయిస్, అడ్వాన్స్, పని లేని నెల అన్న మాటలు వాళ్ల కబుర్లలోకి రావు. మూడు రాత్రులతో సరిపెట్టుకుని, చివరి ఐదు రాత్రులకు మామూలు అద్దె గది తీసుకున్నాను. అందులో చెప్పుకోవడానికేం లేదు. వేర్వేరు పనులు చేసేవాళ్లు డెస్కు అద్దెకు తీసుకుని పక్కపక్కన కూర్చునే కోవర్కింగ్ ఆఫీసుకు ఐదు నిమిషాల నడక, దాని కోసమే తీసుకున్నాను.

ఇక ఆ కోవర్కింగ్ సంగతి. బ్రాడ్ న్యూబర్గ్ అనే ప్రోగ్రామర్ 2005లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఇలాంటి చోటు మొదలుపెట్టింది, సొంతంగా పనిచేసుకునే స్వేచ్ఛా, ఆఫీసులో ఉండే తోడూ రెండూ కావాలని. పేరు అదే అయినా అన్ని చోట్లా ఆ తోడు దొరకదు. ముందు ఒక పెద్ద ఫ్లోర్‌లో డే పాస్ తీసుకుని చూశాను. కుర్చీలు, ఫోన్ బూత్‌లు, ప్రింటర్ అన్నీ బ్రహ్మాండం. అందరి చెవుల్లో హెడ్‌ఫోన్లు. సాయంత్రం వరకు నాతో మాట్లాడింది రిసెప్షన్‌లో ఉన్న అబ్బాయి ఒక్కడే. డెడ్‌లైన్ ఉన్న రోజుకు అది సరైన చోటు.

రెండోది 20 డెస్కులున్న చిన్నది. కుర్చీలు పాతవి, మీటింగ్ రూమ్ ఒక్కటే, దాని కోసం పొద్దున్నే పేరు రాయాలి. అయినా నా ఓటు దీనికే. వీక్లీ పాస్ తీసుకున్న రోజున మేనేజర్ నన్ను అడిగిన ప్రశ్న "మీరేం చేస్తుంటారు" కాదు. "ఈ వారం ఏ పని దగ్గర ఆగిపోయారు?" అని అడిగారు. కొటేషన్ పంపడానికి భయంగా ఉందని చెప్పాను. ఆవిడ నన్ను కిటికీ పక్కన కూర్చున్న ఒకావిడ దగ్గరికి తీసుకెళ్లి, "వీళ్లకు మీ సాయం కావాలండీ" అని వదిలేసి వెళ్లారు. ఆమె చిన్న వ్యాపారాలకు అకౌంట్లు రాస్తారు, నాలాగే ఇంటి నుంచి.

మూడో రోజు మధ్యాహ్నం ఆమే లాప్‌టాప్ నా వైపు తిప్పి, "ఒకసారి చదువుతారా" అన్నారు. మూడు నెలలుగా డబ్బివ్వని క్లయింటుకు రాసిన మెయిల్. క్లయింటు పేరు కనబడకుండా దాని మీద వేలు పెట్టి చూపించారు. ఎనిమిది లైన్లలో మూడుసార్లు "సారీ" ఉంది. "మీరెందుకండీ సారీ చెప్పడం?" అన్నాను. కాసేపు తెర వైపే చూసి, ఒక్కొక్కటీ తీసేశారు. ఇన్‌వాయిస్ నంబరు, గడువు తేదీ మొదటి లైన్లోకి తెచ్చారు. పంపాక కూడా మౌస్ మీంచి చెయ్యి తీయలేదు. ఆ సాయంత్రమే శుక్రవారం వేస్తామని జవాబు వచ్చింది.

మర్నాడు నా కొటేషన్ ప్రింట్ తీసి చూపించాను. మొత్తం చదివి, మార్జిన్‌లో పెన్నుతో "మార్పులు 2 విడతలు, ఆపైన విడిగా" అని రాసిచ్చారు. ఆరేళ్లలో ఆ లైను నేనెప్పుడూ రాయలేదు. ఆ కాగితం నా దగ్గరే ఉంది.

అక్కడే ప్యాకేజింగ్ డిజైన్ చేసే ఒకాయన, వచ్చిన గంటలోనే అందరికీ తన రేట్ కార్డు పంచారు. పని బాగా చేస్తారట, కానీ ఆ తర్వాత ఆయన బల్ల చుట్టూ ఎవరూ చేరలేదు. వారం రోజులు అమ్మకం మాట ఎత్తకుండా ఉండగలిగితే చాలు, పని సంగతి దానంతటదే వస్తుంది.

బిజినెస్ స్నేహం అంటే స్వార్థం అనుకునేవాళ్లు రోటరీ క్లబ్ ఎలా పుట్టిందో చూడాలి. చికాగోలో ఒంటరితనంతో విసిగిన పాల్ హారిస్ అనే లాయర్, 1905 ఫిబ్రవరి 23న ఒక బొగ్గు వ్యాపారి, ఒక గనుల ఇంజనీరు, ఒక దర్జీతో కలిసి కూర్చున్నారు. వంతులవారీగా ఒకరి ఆఫీసులో ఒకరు కలుసుకునేవారు కాబట్టి, వంతు తిరగడం అన్న అర్థంలో రోటరీ అన్న పేరు వచ్చింది. నలుగురివీ నాలుగు వృత్తులు. ఒకే వృత్తివాళ్లనే వెతుక్కోవాలన్న నా ఆలోచన కూడా ఈ ప్రయాణంలోనే మారింది. పోటీ లేనిచోట రేట్లు దాచుకోవాల్సిన పని లేదు.

మొత్తం వారంలో ఆ అకౌంట్లు రాసే ఆమెతో గడిపింది లెక్కేస్తే 15 గంటలు. కాన్సస్ యూనివర్సిటీ ప్రొఫెసర్ జెఫ్రీ హాల్ 2018లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, పరిచయం మామూలు స్నేహంగా మారడానికే 50 గంటలు, మంచి స్నేహితులు కావడానికి 200 గంటల పైన పడుతుంది. కాబట్టి స్నేహితురాలిని సంపాదించుకుని వచ్చానని ఇప్పుడే చెప్పను. చివరి రోజున ఇద్దరం ఒక ఏర్పాటు చేసుకున్నాం. ప్రతి బుధవారం పొద్దున రెండు గంటలు వీడియో కాల్ పెట్టుకుని ఎవరి పని వాళ్లు చేసుకోవడం, చివరి పావుగంట మాత్రం మాట్లాడుకోవడం. ఇప్పటికి తొమ్మిది బుధవారాలు అయ్యాయి, ఒక్కటే తప్పింది.

మళ్లీ వెళ్తున్నాను. ఈసారి గది కన్నా ముందు ఆ చిన్న ఆఫీసుకు ఫోన్ చేసి, రోజూ వచ్చేవాళ్లు ఎందరు, డెస్కు ఒకటే ఉంటుందా, అందరూ కలిసి భోజనానికి లేస్తారా అని అడిగి రెండు వారాల పాస్ తీసుకున్నాను. గది ఇంకా వెతకాలి.