గూఢచారి క్యాంపా, సైబర్ క్యాంపా: టీనేజ్ పిల్లలకు ఏది మేలు?

మార్చి దాటిందంటే చాలు, ఇక్కడ నార్తర్న్ వర్జీనియాలో తెలుగువాళ్లు ఎవరు కలిసినా నన్ను అడిగేది ఒకటే. "మీ అమ్మాయిని స్పై క్యాంప్‌కి పంపారట కదండీ, మావాణ్ణి కూడా అక్కడే చేర్చమంటారా, జెన్‌సైబర్‌లో చేర్చమంటారా?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకంటే ఒకచోట రాసిపెడితే నయమనిపించింది.

రెండింటి గురించీ వినే ఉంటారు. వాషింగ్టన్ డీసీలోని ఇంటర్నేషనల్ స్పై మ్యూజియం వేసవిలో వారం రోజుల పగటి క్యాంప్ పెడుతుంది. మారుపేరు, మారువేషం, రహస్య లిపులు, డెడ్ డ్రాప్‌లు (ఒకరినొకరు కలవకుండా వస్తువు చేరవేసే రహస్య చోట్లు), ఊళ్లోకి వెళ్లి ఒకరిని గమనించి రావడం, ఇవీ అక్కడి పనులు. జెన్‌సైబర్ సంగతికొస్తే, అమెరికా ప్రభుత్వ భద్రతా సంస్థ ఎన్‌ఎస్‌ఏ, నేషనల్ సైన్స్ ఫౌండేషన్ కలిసి 2014లో మొదలుపెట్టిన కార్యక్రమం, సైబర్ భద్రత నేర్పుతుంది. యూనివర్సిటీలు నడుపుతాయి, పిల్లలకు ఉచితం. ఏ ఏడాది ఎక్కడ ఉంటుందో, అసలు ఉంటుందో లేదో నిధులను బట్టి మారుతుంది కాబట్టి ముందే కనుక్కోవాలి.

మనవాళ్లలో ఎక్కువమంది మొగ్గు జెన్‌సైబర్ వైపే. కాలేజీ అప్లికేషన్‌లో రాసుకోవచ్చు, డబ్బు ఖర్చు లేదు, పేరులోనే కంప్యూటర్ ఉంది. ఆ ఆలోచనను నేను తప్పుపట్టను. వాళ్లు నేర్పే మూల సూత్రాల్లో 'ఎదుటివాడిలా ఆలోచించు' అనేదొకటి ఉంది. నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది అదే. తన పాస్‌వర్డ్‌ను ఇంకొకరు ఎలా ఊహిస్తారో ఒక్కసారి తనే ఆలోచించిన పిల్లకు మళ్లీ చెప్పాల్సిన పని ఉండదు. కాకపోతే సబ్జెక్టే అలాంటిది, పని చాలావరకు తెర ముందు కూర్చునే. వేసవంతా తెర ముందే ఉన్న పిల్లలకు ఇంకో వారం అదేనా అన్నది నా బెంగ.

నన్ను స్పై క్యాంప్ వైపు తిప్పిన కారణం వేరే. కళ్లతో చూసినదాన్నీ మనసులో అనుకున్నదాన్నీ విడదీసుకోవడం పదమూడేళ్ల పిల్లకు ఎవరు నేర్పుతారు? స్కూల్లో ఆ పాఠం లేదు. ఫోన్‌లో వచ్చినదల్లా నమ్మేసే వయసు అది.

ఇది ఎంత పెద్ద విషయమో తెలియాలంటే ఇక్కడ వర్జీనియాలోనే, మన పక్కనున్న వియన్నా అనే ఊళ్లో జరిగింది చూడండి. ఎఫ్‌బీఐలోనే ఉంటూ రష్యాకు రహస్యాలు అమ్మిన రాబర్ట్ హాన్సన్ 2001 ఫిబ్రవరి 18న అక్కడి ఫాక్స్‌స్టోన్ పార్క్‌లో దొరికాడు. చెక్క వంతెన కింద పొట్లం పెట్టి వస్తుండగా పట్టుకున్నారు. అంతకుముందు ఎఫ్‌బీఐ ఏళ్ల తరబడి అనుమానించింది ఇంకొకరిని, సీఐఏ అధికారి బ్రయన్ కెల్లీని. ఆయన ఇంట్లో గుర్తులు పెట్టుకున్న ఒక మ్యాప్ దొరికింది. ఆయన జాగింగ్ చేసే దారి అది. దాన్ని డెడ్ డ్రాప్‌ల మ్యాప్ అనుకున్నారు. ఆయన్ని ఉద్యోగానికి దూరంగా ఉంచారు, ఇంట్లోవాళ్లనూ ప్రశ్నించారు. ఎంతో అనుభవమున్నవాళ్లు, అయినా వాళ్ల చేతిలో ఉన్నది ఒక మ్యాప్, దాని మీద అల్లుకున్న ఊహ. చివరికి అసలు మనిషిని పట్టించింది రష్యా నుంచి కొని తెచ్చుకున్న ఫైలు. అందులోని టేపులో వినిపించిన గొంతు, ప్లాస్టిక్ సంచి మీది వేలిముద్రలు, రెండూ ఒక్కరినే చూపించాయి.

కౌటిల్యుడు అర్థశాస్త్రంలో చెప్పింది కూడా ఇదే కదా. చారులు ఒకరి సంగతి ఒకరికి తెలియకూడదు, ముగ్గురు తెచ్చిన కబురూ ఒకటే అయితేనే నమ్మాలి అన్నాడు.

మా అమ్మాయి క్యాంప్ నుంచి వచ్చాక ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకుంది. మెట్రోలో వెళ్తున్నప్పుడు పేజీ మధ్యలో గీత గీసి ఒకవైపు 'చూసింది', ఇంకోవైపు 'అనుకుంది' అని రాసేది. ఒక పేజీ నాకు చూపించింది. 'నల్ల బ్యాగు ఆయన రెండుసార్లు వాచీ చూసుకున్నాడు' అనేది మొదటి వైపు. 'ఎవరికోసమో ఎదురుచూస్తున్నాడు' అనేది రెండో వైపు. దాని పక్కన ప్రశ్నార్థకం తనే పెట్టింది, నేను చెప్పలేదు.

క్యాంప్ కోసం అల్లుకున్న మారుపేరు కథను ఇంట్లో గుంటూరు నుంచి వచ్చిన మా అమ్మ ముందు పెట్టింది. ఒహాయో నుంచి వచ్చిన అమ్మాయినని చెప్పింది. అమ్మ ఊరుకోలేదు. "అలాగా తల్లీ, మీ ఇంటిపేరేంటి? గుడికి ఎవరి కారులో వెళ్తారు? నిన్న రాత్రి మీ అమ్మ ఏం వండింది?" మూడో ప్రశ్నకే కథ ఆగిపోయింది. మర్నాడు సాయంత్రానికి ఆ ఖాళీలన్నీ పూరించుకుని మళ్లీ అమ్మమ్మ ముందు కూర్చుంది. అపరిచితులతో నోరు విప్పని పిల్ల, ఎదుటివాళ్లు ఏం అడుగుతారో ముందే ఊహించి సిద్ధమైంది.

పిల్లలకు అబద్ధాలు నేర్పినట్టు కాదా అని ఒకరిద్దరు అడిగారు. ఎంత చిన్న అబద్ధానికైనా ఎన్ని వివరాలు కావాలో స్వయంగా అల్లి చూసిన పిల్ల, రేపు తన దగ్గరకొచ్చే మోసపు మెసేజ్‌లో లొసుగును త్వరగా పట్టుకుంటుందని నా నమ్మకం.

స్పై క్యాంప్‌కి ఇబ్బందులూ ఉన్నాయి. ఫీజు కట్టాలి. సీట్లు త్వరగా అయిపోతాయి. రోజూ డీసీకి తీసుకెళ్లి తేవాలి. మెట్రో సిల్వర్ లైన్ 2022 నవంబరులో ఆష్‌బర్న్ దాకా వచ్చింది కాబట్టి మ్యూజియం దగ్గరి లాన్‌ఫాంట్ ప్లాజా స్టేషన్‌కి రైలు మారకుండా వెళ్లొచ్చు, అయినా దూరమే. అన్నిటికంటే ముఖ్యం వయసు. అది టీనేజ్ మొదట్లో ఉన్న పిల్లల కోసం పెట్టింది, పరిమితి చూసుకునే దరఖాస్తు చేయండి. పదో తరగతి దాటిన పిల్లలైతే జెన్‌సైబర్‌కే పంపండి, అందులో సందేహం లేదు.

గూఢచారి పేరు తగిలించుకున్న ప్రైవేటు కోడింగ్ క్యాంప్‌లూ కనిపిస్తుంటాయి. వాటికి వెళ్లేకంటే మామూలు కోడింగ్ క్లాసే నయం.

ఏ క్యాంప్‌లోనూ సీటు దొరకకపోతే మేరీల్యాండ్‌లో ఫోర్ట్ మీడ్ పక్కనున్న నేషనల్ క్రిప్టాలజిక్ మ్యూజియానికి, అంటే రహస్య లిపుల మ్యూజియానికి ఒక పూట తీసుకెళ్లండి. ప్రవేశం ఉచితం. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు రహస్య సందేశాలకు వాడిన ఎనిగ్మా యంత్రం అక్కడుంది, దాని మీద పిల్లలు చేత్తో మీటలు నొక్కి చూడొచ్చు. వాళ్ల పేరు టైపు చేసి, వెలిగిన అక్షరాలను కాగితం మీద రాసుకోమనండి. ఏ అక్షరం నొక్కినా అదే అక్షరం వెలగదు. జర్మన్ల సందేశాలను విప్పడంలో బ్రిటన్‌లోని బ్లెచ్లీ పార్క్ నిపుణులకు అక్కరకొచ్చిన లోపం అదే. మీ పిల్లలు దాన్ని గమనించే దాకా మీరు మాత్రం చెప్పకండి.